బద్దకు తిరుగుబాటు, గుండుకు ప్రవాసం

దమయంతికి పుస్తకాలంటే భయమూ లేదు, భక్తీ లేదు. పదో తరగతి తప్పిన మర్నాడే వాటినన్నిటినీ కిరాణా కొట్టువాడికి తూకానికి వేసేసి, ఆ పాపం అంతటితో వదిలిందనుకుంది. అలాంటి మనిషి చేత దేశదేశాల రాజుల్ని సింహాసనాల మీంచి దింపించాలని కార్మిక సంఘం కేంద్ర కార్యాలయంవారు నిర్ణయించారు.

దానికి కారణం ఒక గది.

ఉద్దానంలో, రైలు పట్టాల పక్కన, గౌరీపతి జీడిపప్పు కర్మాగారం ఉంది. అక్కడ మగవాళ్ళు బట్టీలో జీడి పిక్కలు కాలుస్తారు, ఆడవాళ్ళు పప్పు మీది పొట్టు తీస్తారు. పొడుగాటి హాల్లో గోనెపట్టాలు పరుచుకుని, బారులు తీరి కూర్చుని, చిన్న చాకులతో పొద్దస్తమానం గీకుతూనే ఉంటారు. పప్పు విరక్కుండా వస్తే గుండు, రెండుగా చీలితే బద్ద, చితికితే నూక. ఆ ఆవరణలోనే ఒక మూల ‘శిశు సంరక్షణ గది’ అని పచ్చరంగుతో రాసిన గది ఒకటుంది. ఏనాడో ఎవరో అధికారి వస్తున్నాడంటే కట్టారు. అధికారి వచ్చాడు, బోర్డు చదివాడు, గుండు పప్పు తిన్నాడు, వెళ్ళిపోయాడు. ఆయన జీపు మలుపు తిరగ్గానే గదిలోకి బస్తాలు వచ్చి పడుకున్నాయి. అప్పట్నుంచీ ఆ గదిలో సంరక్షణ పొందుతున్న శిశువులు అవే.

అసలు శిశువులు మాత్రం బట్టీ పక్కన చూరు కింద, పొగలో, చీర ఉయ్యాలల్లో వేళ్ళాడుతూ ఉండేవారు. దమయంతి కూతురు రోజా కూడా అక్కడే. ఒకరోజు తవిటమ్మ మనవడు, అప్పుడప్పుడే పాకుతున్నవాడు, పిక్క పెంకు ఒకటి దొరికితే నోట్లో పెట్టుకున్నాడు. జీడి నూనె పెద్దవాళ్ళ అరచేతుల్నే కాలుస్తుంది. వాడి పెదవులు బొబ్బలెక్కి బూరెల్లా అయ్యాయి. నాలుగు రోజులు పాలు తాగలేక వాడు ఏడుస్తుంటే, హాల్లో ఒక్క చాకూ సరిగ్గా ఆడలేదు.

తవిటమ్మ హాలుకంతటికీ పెద్ద. పొగాకు చుట్ట, గట్టి నోరు, ఎవరినీ లెక్కచేయని మనస్తత్వం. ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని సంఘం కార్యదర్శి లోకనాథం దగ్గరికి వెళ్ళింది.

“బాబూ, మాకింకేటీ వొద్దు. ఆ గదిలో బస్తాలు తీయించండి. గుంటల్ని పడుకోబెట్టుకుంటాం,” అంది.

లోకనాథం మంచివాడు. సర్క్యులర్ వస్తే చెప్పులు విప్పి చదివే రకం. ఈ కోరికను శుభ్రంగా కాగితం మీద పెట్టి కేంద్ర కార్యాలయానికి పంపాడు. జవాబు త్వరగానే వచ్చింది.

“మీ కోరిక చిన్నది. మీ సభ్యుల చైతన్య స్థాయి అంతకన్నా చిన్నదని ఆ కోరికే చాటుతోంది. చరిత్రలో ఏ శ్రామికవర్గమూ ప్రేరణ లేకుండా బస్తాలు కదిలించిన దాఖలా లేదు. కనుక ముందుగా సభ్యులందరూ ప్రేరణాత్మక రాజకీయ, చారిత్రక గ్రంథ పఠనం పూర్తిచేయవలెను. పూర్తి ప్రేరణ కలిగిన పిమ్మట గది విషయం చర్చకు స్వీకరించబడును. గ్రంథాలు వేరే లారీలో పంపడమైనది.”

లారీ అన్నది అతిశయోక్తి కాదు. వచ్చిన ట్రంకుపెట్టెను దింపడానికి నలుగురు బట్టీ కూలీలు కావలసి వచ్చారు. అందులో ‘ప్రపంచ తిరుగుబాట్లు’ సంపుటాలు సంపుటాలుగా ఉన్నాయి.

“ఇయ్యన్నీ ఎప్పుడు సదవాల?” అంది తవిటమ్మ, పెట్టెలోకి తొంగిచూసి. “పగలు సేతిలో సాకు. రాత్రి సేతిలో గరిట.”

లోకనాథం బుర్ర గోక్కున్నాడు. చరిత్రలో శ్రామికవర్గానికి రెండు చేతులే ఉండటం ఒక పెద్ద లోపంగా ఆయనకు మొదటిసారి తోచింది. చివరికి దమయంతే నవ్వులాటకి అంది: “సేతులు కాళీ నేవు గానీ, సెవులు కాళీయే కదా. ఒకలు సదివితే మిగతావోలు ఇంటారు.”

అన్నవాళ్ళదే ఆ పని అయింది. పదో తరగతి దాకా వచ్చిన మనిషి హాల్లో ఆమె ఒక్కతే. పైగా ఆమె గొంతెత్తిందంటే పట్టాలకు అవతల మేస్తున్న ఆవులు తలెత్తి చూసేవి. ఆమె చదువుతున్నంతసేపూ పని పోతుంది కాబట్టి, మిగతావాళ్ళు తలా గుప్పెడు పప్పు ఆమె పళ్ళెంలో వెయ్యాలని ఒప్పుకున్నారు.

మేనేజరు హయగ్రీవరావు అనుమతి కావాలి. ఆయన పట్నంలో ఏదో పెద్ద చదువు చదివి వచ్చినవాడు. ‘ఉత్పాదకత’ అన్న మాట లేకుండా మంచినీళ్ళు కూడా అడిగేవాడు కాదు.

“విప్లవాలా? పనివేళల్లోనా?” అని కళ్ళజోడు తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. “గది అడగరు కదా?”

“ప్రేరణ పూర్తయ్యేదాకా అడగరండి,” అన్నాడు లోకనాథం నిజాయితీగా.

“అయితే ట్రయల్ బేసిస్ మీద కానివ్వండి.”

మర్నాడు దమయంతి ఎత్తు పీట మీద కూర్చుని మొదటి సంపుటం తెరిచింది. ఎక్కడో దూరదేశంలో రొట్టెల కోసం ఆడవాళ్ళంతా కలిసి వర్షంలో రాజుగారి కోట మీదికి నడిచిన ఘట్టం. మొదట్లో ఆమె బళ్ళో అప్పజెప్పినట్టు గడగడా చదివింది. మధ్యలో రాణీగారు ఎంత సుఖంగా బతుకుతోందో వచ్చేసరికి, హాల్లో ఎవరో “సచ్చినాది!” అన్నారు. అక్కణ్ణుంచి దమయంతికి ఊపొచ్చింది. ఆ ఆడవాళ్ళు కోట గేటు తోస్తుంటే ఈ ఆడవాళ్ళు చాకులు తోశారు. అక్కడ తలుపులు విరుగుతుంటే ఇక్కడ పొట్టు ఎగిరింది. రాజుగారు గడగడలాడుతూ మెట్లు దిగి వచ్చేవేళకి హాల్లో పళ్ళేలన్నీ గుట్టలు గుట్టలుగా నిండిపోయాయి.

సాయంత్రం తూకం చూసిన హయగ్రీవరావు తక్కెడ పాడైందనుకున్నాడు. రెండోసారి తూచాడు. తర్వాత తక్కెడ వదిలేసి దమయంతి వైపు తిరిగి, ఏనాడూ లేనిది, “బాగా చదివావమ్మా,” అన్నాడు.

అక్కణ్ణుంచి ఆయన రోజూ వచ్చి హాలు గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చునేవాడు. ఆయనది శాస్త్రీయ దృష్టి. కొద్ది రోజుల్లోనే ఒక సంగతి పట్టేశాడు. కోటలు బద్దలయ్యే అధ్యాయాల్లో పని జోరుగా సాగుతుంది కానీ, ఆ ఆవేశంలో పప్పు చీలి బద్ద ఎక్కువ వస్తుంది. తలలు నరికే ఘట్టమైతే నూకే నూక. అదే నాయకుణ్ణి సంకెళ్ళేసి ఓడెక్కించి దీవికి పంపేస్తున్నప్పుడు, అతగాడి తల్లి రేవులో నిలబడి చూస్తున్నప్పుడు, ఆడవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి, చేతులు మెత్తబడతాయి. పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు పొట్టు తీస్తారు. అప్పుడు ముత్యాల్లాంటి గుండు దిగుతుంది.

ఇంకేముంది, నోటీసు బోర్డెక్కింది:

“ఉత్పాదకత దృష్ట్యా ఇకమీదట చారిత్రక పఠనం ఈ క్రింది విధంగా జరుగును. ఉదయం: తిరుగుబాటు. భోజనానంతరం నిద్రమత్తు నివారణకై: ముట్టడి. ఎగుమతి ఆర్డర్లు ఉన్న దినములలో: ప్రవాసం, కారాగారం లేదా అమరత్వం. మిఠాయి దుకాణాల ఆర్డర్లు ఉన్నప్పుడు శిరశ్ఛేదములు అనుమతించబడును. మేనేజరు లిఖితపూర్వక అనుమతి లేనిదే ఎవరునూ రాజీ కుదుర్చుకోరాదు.”

ఆ చివరి వాక్యం పుస్తకంలోని రాజుల గురించి. రాజీ అధ్యాయాల్లో చాకులు నిద్రపోతున్నాయని ఆయన ఫిర్యాదు.

దమయంతి బతుకు ఇప్పుడు లారీల రాకపోకల మీద నడిచింది. పొద్దున్నే మేనేజరు గాభరాగా వచ్చేవాడు.

“అమ్మా, ఈవేళ మధ్యాహ్నంలోగా ఒక సామ్రాజ్యం కూలాలి. లారీ వస్తోంది.”

“నిన్ననే కదా బాబూ కూల్చీసినాం?”

“అది చిన్న సామ్రాజ్యం. పెద్దది చూడు.”

ఇంకోరోజు ఆమె సరిగ్గా ముట్టడి మధ్యలో ఉండగా వచ్చి చెయ్యెత్తాడు. “ఆపు, ఆపు! కేకలొద్దు. ఫోనొచ్చింది. గుండు కావాలంట. వెంటనే ఎవణ్ణయినా దీవికి పంపించెయ్.”

“గెలుస్తున్నాడు బాబూ!” అంది తవిటమ్మ మండిపడి.

“గెలిస్తే బద్దొస్తుంది తవిటమ్మా. పంపించెయ్యండి.”

దమయంతి ఉసూరుమంటూ పేజీలు తిప్పి, ఆ గెలుస్తున్న వీరుణ్ణి పక్కన పెట్టి, వేరే శతాబ్దంలో ఓడిపోయిన ఒకాయన్ని తీసి ఓడెక్కించింది. హాలంతా ముక్కులు చీదుకుంది. డబ్బాలు నిండాయి.

ఈ వార్త కేంద్ర కార్యాలయానికి చేరింది. యాజమాన్యమే నోటీసు పెట్టి మరీ తిరుగుబాట్లు చదివిస్తోందని తెలిసేసరికి అక్కడ ఆనందానికి అంతులేదు. ప్రతినిధి వర్గం ఒకటి దిగింది. ముగ్గురు, ముగ్గురికీ భుజాన సంచులు. వాళ్ళ నాయకుడు హాల్లో నిలబడి, సభ్యుల ప్రేరణ స్థాయిని స్వయంగా పరిశీలించడానికి వచ్చామని చెప్పాడు.

“ప్రేరణ కలిగినవారు పిడికిళ్ళు ఎత్తండి!”

ఎత్తారు. అన్ని పిడికిళ్ళలోనూ చాకులున్నాయి. ప్రతినిధి వర్గం ఒకడుగు వెనక్కి వేసి, స్థాయి సంతృప్తికరంగా ఉందని రాసుకుంది.

అప్పుడు దమయంతి లేచి నిలబడింది. “బాబూ, పేరనొచ్చీసింది కదా. మరి మా గది?”

నాయకుడు ఆమెకేసి జాలిగా చూశాడు. “చెల్లెమ్మా, వర్గశత్రువే మన గ్రంథాలకు లొంగిపోయి నోటీసు బోర్డు మీద తిరుగుబాటు అని రాస్తున్న ఈ చారిత్రక సంధి దశలో, నువ్వు గది గురించి మాట్లాడుతున్నావు.”

ఆ సాయంత్రం సభ జరిగింది. సంఘం తరఫున కర్మాగారం సొంతదారు షావుకారు కామేశం గారికి ‘ప్రగతిశీల యజమాని’ అన్న బిరుదిచ్చి శాలువా కప్పారు. షావుకారు కూడా తక్కువ తినలేదు. “ఇన్ని పుస్తకాలు నానూ సదవనేదు గానీ, ఇప్లవం అంటే ఇంత లాభమని ముందే తెలిస్తే మా నాన్న కాలంలోనే తెచ్చీసేవోలం,” అని కళ్ళొత్తుకున్నాడు. చప్పట్లు తగ్గగానే హయగ్రీవరావు ఒక చిన్న ప్రకటన చదివాడు: సభ్యుల్లో ఇంత ప్రేరణ ఉన్నట్టు సంఘమే ధ్రువీకరించింది కనుక, రోజూ ఒక్కొక్కరూ తీయవలసిన పప్పు బరువు పెంచడమైనది.

దాంతో ఆడవాళ్ళ వేళ్ళు వాచాయి. దమయంతి గొంతు బొంగురుపోయి, రోజాని జోకొడుతుంటే పిల్ల జడుసుకునేది. పిల్లలు మాత్రం ఆ చూరు కిందే, ఆ పొగలోనే, దగ్గుతూ ఉన్నారు. ఒక మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చున్నప్పుడు తవిటమ్మ ముద్ద పక్కన పెట్టేసింది.

“ఒలే దమయంతీ, ఇన్నాల్నించి ఎంతమంది రాజుల్ని దించీసినామే?”

“లెక్క నేదత్తా.”

“అంతమందిని సింహాసనాల మీంచి దించీసినాం. ఆ గదిలోంచి బస్తాల్ని దించనేకపోనాం.”

పక్కనున్న ఒకావిడ వాచిన వేళ్ళు చూసుకుంటూ, “పిల్లా, రేపట్నించీ కోటలు పగలగొట్టకే. నా వొల్ల కాదు. ఏదైనా సప్పటిది సదువు. నిద్రొచ్చేటిది,” అని బతిమాలింది.

ఆ మాట అందరికీ నచ్చింది. చాకులు నెమ్మదించాలంటే పుస్తకం చప్పబడాలి. దమయంతి ట్రంకుపెట్టె అంతా వెతికింది. అన్నీ ఆవేశాలే. కాస్తో కూస్తో చప్పగా ఉందనుకున్నది కూడా పదో పేజీలో తుపాకీ తీసేది. అప్పుడు ఆమెకు లోకనాథం బల్ల గుర్తొచ్చింది. దాని ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద దిండులాంటి పుస్తకం ఒకటి పెట్టి ఉంటుంది. వెళ్ళి అడిగితే, “అదా? ఫ్యాక్టరీల చట్టం. ప్రభుత్వం వాళ్ళు తెలుగు చేయించి అన్ని సంఘాలకూ ఇచ్చారు. అందులో ప్రేరణ ఏమీ లేదమ్మా,” అన్నాడు.

“అదే కావాల బాబూ,” అని ఒక ఇటుక తెచ్చి కాలి కింద పెట్టి, పుస్తకం లాక్కుపోయింది.

మర్నాడు మొదలుపెట్టింది. ఆ పుస్తకం చప్పదనం గురించి ఎంత చెప్పినా తక్కువే. “పైన చెప్పబడిన ఉపవిభాగమందు ఏమి చెప్పబడియున్నప్పటికినీ, తత్సంబంధమైన నియమములకు లోబడి, అట్టి సందర్భమున అట్టి యజమానిచే...” వాక్యం ఒక పేజీలో బయల్దేరి రెండో పేజీలో దారితప్పి మూడో పేజీలో ఎక్కడో కూలబడేది. హాల్లో చాకులు నెమ్మదించాయి. తలలు వాలాయి. కొందరు కళ్ళు మూసుకునే పొట్టు తీశారు. సాయంత్రం తక్కెడ ముల్లు లేవలేదు. ఆడవాళ్ళు చాలాకాలం తర్వాత నడుము నొప్పి లేకుండా ఇంటికెళ్ళారు.

రెండు మూడు రోజులిలా హాయిగా గడిచాయి. ఒక ఉదయం దమయంతి తనూ ఆవలిస్తూ చదువుతోంది. “...అంతమంది స్త్రీలు పనిచేయుచున్న ప్రతి కర్మాగారమునందునూ, అట్టి స్త్రీల చిన్నపిల్లల ఉపయోగార్థము తగిన గది లేక గదులు ఏర్పాటు చేయబడి...”

ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివింది, ఈసారి నెమ్మదిగా.

తవిటమ్మ సగం నిద్రలోంచి ఒక కన్ను తెరిచింది. “అంటే ఏటే?”

“గుంటలకి గదుండాలంట.”

“ఎవులన్నారు?”

“ఈ సట్టం సెచ్చన్లో రాసున్నాది. గాలీ ఎలుతురూ ఉండాలంట. సుబ్బరంగా ఉంచాలంట. పిల్లల్ని సూసుకోడానికి మనిసిని పెట్టాలంట. తల్లులు మద్దిలో ఎల్లి పాలిచ్చుకోవొచ్చంట.”

“పేరనొచ్చినోలకేనా?”

దమయంతి మళ్ళీ పైనుంచి కిందిదాకా చూసింది. “పేరన ఊసే నేదత్తా. పిల్లలుంటే సాలంట.”

హాల్లో చాకులన్నీ ఆగిపోయాయి. కోటలు కూలినప్పుడు కూడా ఇంత నిశ్శబ్దం రాలేదు. “మల్లీ సదువు,” అంది తవిటమ్మ. మళ్ళీ చదివింది. “ఇంకోపాలి.” ఇంకోసారి చదివింది. గుమ్మంలో కుర్చీలో కునుకు తీస్తున్న హయగ్రీవరావు ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచాడు. ఏం పుస్తకమో అట్ట తిప్పి చూశాడు. ఆయన మొహంలో రంగులు మారాయి.

“ఇదేమిటి? ఇలాంటివి పనివేళల్లో చదవకూడదు! మీకేం తక్కువ చేశాం? కావలసినన్ని విప్లవాలున్నాయి, హాయిగా చదువుకోండి!”

ఆయన పరుగున వెళ్ళి లోకనాథాన్ని పిలిచాడు. లోకనాథం కేంద్ర కార్యాలయానికి ఫోను చేశాడు. అక్కడివాళ్ళు మేనేజరుకన్నా ఎక్కువ కంగారుపడ్డారు. సభ్యులు మహత్తర తిరుగుబాట్లను వదిలి సర్కారీ పుస్తకం పట్టుకోవడం ప్రేరణ స్థాయి పతనమేనని తేల్చారు. మధ్యాహ్నానికల్లా నోటీసు బోర్డు మీద, చరిత్రలో మొట్టమొదటిసారిగా, యాజమాన్యమూ సంఘమూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాయి: హాల్లో తిరుగుబాట్లు తప్ప మరేమీ చదవరాదు.

ఆడవాళ్ళు చాకులు కింద పెట్టి బయటికొచ్చేశారు. గేటు దగ్గర బైఠాయించారు. పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, బొంగురు గొంతుతోనే దమయంతి నినాదం అందుకుంది.

“విప్లవాలు మాకొద్దు!”

“సెచ్చనే మాకు ముద్దు!”

దారిన పోయేవాళ్ళు ఆగి, సరిగ్గా విన్నామా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లోకనాథం సిగ్గుతో గొడుగు అడ్డం పెట్టుకున్నాడు.

సమ్మె అన్నాక లేబర్ ఆఫీసరు రావాలి. చక్రపాణి గారు వచ్చారు. మేనేజరు గదిలో ఫ్యాను కింద కూర్చుని, ఒకవైపు హయగ్రీవరావునీ ఒకవైపు లోకనాథాన్నీ కూర్చోబెట్టి ఫారం తీశారు. దమయంతి, తవిటమ్మ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

“యాజమాన్యం వారి వాదన?”

“తిరుగుబాటు చదవాలండి.”

“కార్మిక సంఘం వారి వాదన?”

“తిరుగుబాటే చదవాలండి.”

చక్రపాణి గారు కలం మూత పెట్టేశారు. “ఇరుపక్షాలూ ఏకాభిప్రాయంతో ఉన్న వివాదమును పరిష్కరించే అధికారం ఈ కార్యాలయానికి లేదు.”

“మరి మేవో?” అంది దమయంతి.

ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి చూశారు. “కార్మికులు అనే మూడో పక్షానికి ఇందులో గడి లేదమ్మా.” తర్వాత ఆమె చంకలోని పుస్తకం చూసి చెయ్యి చాచారు. అట్ట చూడగానే ఆయన మొహం మెత్తబడింది. “ఇది మా శాఖదే! మా దగ్గరా ఉంది. ఎంతో గౌరవంతో బీరువాలో ఉంచాం. దీన్ని పైకి చదివిన పూర్వోదాహరణ మాత్రం నా సర్వీసులో లేదు. సదరు వాచకం యొక్క స్వభావం ఎట్టిదో నిర్ధారించనిదే నివేదిక రాయలేను. ఏదీ, మొదటినుంచి చదువు.”

“మొదట్నించా బాబూ?”

“నియమం ప్రకారం మొదటి నుంచే.”

దమయంతి గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. “పైన చెప్పబడిన ఉపవిభాగమందు ఏమి చెప్పబడియున్నప్పటికినీ...” చక్రపాణి గారు గంభీరంగా తలాడించారు. కాసేపటికి ఆ తలాడించడం లయగా మారింది. హయగ్రీవరావు కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. లోకనాథం బుగ్గ బల్లకు ఆనింది. ఫ్యాను చప్పుడూ దమయంతి గొంతూ తప్ప గదిలో ఇంకేమీ వినిపించడం లేదు. చక్రపాణి గారు మాత్రం సన్నగా గురక పెట్టారు.

తవిటమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. దమయంతి చెవిలో, “ఒలే, ఆపకే. ఆపితే లెగుస్తారు,” అంది.

“ఎంతసేపని సదవాల అత్తా?”

“గదిదాకా ఎల్లొచ్చేటంతసేపు.”

దమయంతి గొంతు తగ్గించకుండా, మాట తడబడకుండా చదువుతూనే ఉంది. కిటికీలోంచి కనిపిస్తోంది: తవిటమ్మ గేటు దగ్గరికెళ్ళి, మనవణ్ణి ఒక చంకనా రోజాని ఒక చంకనా వేసుకుని ఏదో అంది. ఆడవాళ్ళంతా లేచారు. కేకల్లేవు, నినాదాల్లేవు. ఆ గదికి తాళం కూడా లేదు. ఇన్నేళ్ళూ బస్తాలే తాళం. తలుపు తోసి, ఒక్కొక్కరే లోపలికెళ్ళి, ఒక్కొక్క బస్తా మీద ఒక్కొక్క పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టి, బయటికొచ్చి గుమ్మంలో కూర్చున్నారు.

అవి డబ్బాలకెక్కడానికి సిద్ధంగా ఉన్న గుండు పప్పు బస్తాలు. ప్రవాసంలో మగ్గిన వీరుల కోసం కార్చిన కన్నీళ్ళతో తీసి, ఏరిన పప్పు.

ముందు కబురందింది షావుకారు కామేశం గారికి. ధోవతి ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు. ఆ అరుపులకు మేనేజరు గదిలో ముగ్గురూ లేచి, నిద్రపోలేదన్నట్టు మొహాలు పెట్టి, ఆయన వెనక పరుగెత్తారు. దమయంతి పుస్తకం మూసి, వాళ్ళ వెనకే నడిచింది.

“ఓలమ్మో! ఆ గుంటల్ని ఎత్తండే! ఎగుమతి సరుకే అది!”

“ఎత్తితే ఏడుస్తారు బాబూ,” అంది తవిటమ్మ. కదల్లేదు.

“పోలీసుల్ని పిలవండి!”

చక్రపాణి గారు అడ్డుపడ్డారు. “తొందరపడకండి. స్థలమును ఆక్రమించినది శిశువులు. శిశువులు సంఘ సభ్యులు కారు. కనుక ఇది సమ్మె కాదు. పైగా బోర్డు మీద ‘శిశు సంరక్షణ గది’ అని ఉన్నది. నిబంధనల దృష్ట్యా పరిశీలిస్తే, ఇక్కడ అక్రమంగా ఉన్నవి...” ఆయన ఆగి, తను చెప్పబోతున్నది తనకే ఆశ్చర్యమై, మెల్లిగా ముగించారు: “...బస్తాలు.”

ఇంతలో తవిటమ్మ మనవడు, పై వరసలో కూర్చున్నవాడు, ఒక్క క్షణం ఎటో చూస్తూ గంభీరంగా ఆలోచనలో పడ్డాడు. ఆ చూపు ఏమిటో పిల్లల తల్లులకీ పిల్లల తండ్రులకీ తెలుసు. షావుకారుకు అయిదుగురు పిల్లలు.

“ఆపండే! ఆణ్ణి ఆపండే!” అని గావుకేక పెట్టాడు.

చట్టాల్నయినా ఆపగలరేమో కానీ అది ఆగేది కాదు. సన్నటి ధార ఒకటి గోనె మీదుగా జారింది. పక్క బస్తా మీది పిల్ల కూడా, బహుశా సంఘీభావంగా, మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగింది కర్మాగారం చరిత్రలో ఎవరూ చూడనిది. షావుకారు కామేశం గారు తన చేతుల్తో పసివాణ్ణి ఎత్తి తవిటమ్మకు అందించి, తన వీపు మీద బస్తా వేసుకున్నాడు. ఆయన్ని చూసి హయగ్రీవరావు ఒకటి. లోకనాథం కాసేపు ఎటువైపు నిలబడాలో తేలక, చివరికి తనూ ఒకటి. బట్టీ కూలీలు నవ్వాపుకుంటూ వచ్చి చెయ్యి వేశారు. పొద్దు వాలకముందే గది ఖాళీ. గోడలు కడిగించారు. కిటికీ తెరిస్తే తెరుచుకుంది. దానికి అంత దూరాన ఉన్న సముద్రపు గాలి కూడా తగులుతుందని అప్పుడే తెలిసింది. చక్రపాణి గారు నివేదికలో ‘యాజమాన్యంవారు స్వచ్ఛందముగా’ అని రాసుకుని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు.

ఆ రాత్రి దమయంతికి నవ్వు ఆగలేదు. పక్కలో రోజా దగ్గకుండా నిద్రపోతుంటే, నవ్వు మధ్యలో ఎందుకో ఏడుపు కూడా వచ్చింది.

తర్వాత హాల్లో పఠనం ఆగలేదు. మేనేజరు తన మాట మార్చలేక, సంఘం తన మాట దాటలేక, చివరికి ఆడవాళ్ళతో రాజీ ఒకటి కుదిరింది: పొద్దున తిరుగుబాట్లు, మధ్యాహ్నం సెక్షన్లు. తూకం గురించి ఏదో పేజీ వచ్చిన రోజున పెంచిన బరువు దానంతటదే తగ్గిపోయింది. మరుగుదొడ్ల పేజీ దగ్గరికి వస్తోందని తెలిసి, షావుకారు ముందే తలుపులు పెట్టించేశాడు.

వానాకాలం వెళ్ళాక కేంద్ర కార్యాలయం నుంచి కొత్త సంపుటం వచ్చింది. అందులో మొదటి అధ్యాయమే ‘తూర్పు తీరాన దుర్గ విధ్వంసం’. దమయంతి పీట మీద కూర్చుని చదివింది. ఎర్రజెండాలు రెపరెపలాడుతుండగా, ప్రేరణతో ఉప్పొంగిన వీరవనితలు సముద్రకెరటంలా కదిలారట. వారి ముందు కార్యదర్శి ఒకడు ఛాతీ విరుచుకుని నడిచాడట. తుపాకులకు ఎదురొడ్డి ఇనుప ద్వారాలు బద్దలుకొట్టి, శత్రువు ధాన్యాగారాన్ని వశపరుచుకున్నారట. శత్రువు మోకరిల్లాడట.

హాలంతా నోళ్ళు తెరుచుకుని విన్నది. అధ్యాయం సగంలో తవిటమ్మ చుట్ట తీసి, గట్టిగా నిట్టూర్చింది.

“ఎంత దైర్నమే ఆల్లకి! అది ఏ దేశంలో జరిగిందే పిల్లా?”

దమయంతి పేజీ పైనా కిందా వెతికింది. “రాయనేదత్తా.”

“మనవల్ల అయ్యే పనా అది,” అంది తవిటమ్మ.

పక్క గదిలోంచి రోజా ఏడుపు వినిపించింది. పాలవేళ. మోకరిల్లిన శత్రువును అలాగే మోకాళ్ళ మీద ఉండనిచ్చి, పుస్తకం బోర్లా పెట్టి, దమయంతి లేచి కూతురి దగ్గరికి వెళ్ళింది.